ఇద్దరికీ కలిపి ఒక్క వరుస

ఒక చోట కుదురుగా కూర్చోలేనివాడికి కాలు బెణికితే కష్టం ఇంట్లోవాళ్లకే. కృష్ణపట్నం పోర్టు గేటు దగ్గర కంపెనీ బస్సు దిగుతూ ఇంకో మెట్టు ఉందనుకున్నాను. లేదు. డాక్టరు మూడు వారాలు కదలొద్దన్నాడు. మొదటి రోజు సాయంత్రానికల్లా మా వంటింట్లో ప్రతి డబ్బా మీదా చీటీ అంటించి ఉంది. ధనియాల డబ్బా మీద ధనియాలనీ, ఖాళీ డబ్బా మీద ఖాళీ అనీ. మర్నాడు పొద్దున నా భార్య లాప్‌టాప్ తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"దీంట్లో ఏదన్నా చేసుకోండి. నా వంటింటి జోలికి మాత్రం రాకండి."

మా ఇంటికి వంశవృక్షం సాఫ్ట్‌వేర్ వచ్చింది అట్లా. పెద్దల మీద భక్తితో కాదు.

పోర్టులో నా పని కాగితాలు చూడటం. ఓడలో దిగే ప్రతి సరుకుకూ నాలుగైదు కాగితాలుంటాయి. అవన్నీ ఒకే మాట చెబుతున్నాయా లేదా అన్నది చూసి సంతకం పెట్టాలి. సరుకును నేను చూడను. బొగ్గు ఎంత నల్లగా ఉందో నాకు అనవసరం, ఎంత నల్లగా ఉందని రాశారో అదే కావాలి. పదిహేనేళ్లుగా ఈ పని చేసినవాడికి ఆ సాఫ్ట్‌వేర్ నచ్చకపోతే ఆశ్చర్యపడాలి.

ఎందుకంటే అది దేన్నీ ఊరికే నమ్మదు. ఒక మనిషి పేరు రాసి, పుట్టిన తేదీ రాస్తే, పక్కన ఒక చిన్న ఎర్ర త్రికోణం వస్తుంది. ఈ సంగతికి ఆధారం లేదని దాని అర్థం. దాన్ని నొక్కితే ఒక పత్రం తెరుచుకుంటుంది. ఆధారం పేరేమిటి, ఎవరు రాశారు, ఎక్కడ దాచి ఉంది, ఎన్నో పేజీ, ఎన్నో వరుస. చివర్లో నాలుగు చుక్కలు. దీన్ని నువ్వెంత నమ్ముతావో అన్ని చుక్కలు నింపాలి. మా తాత పుట్టాడని రాశాను. ఎర్ర త్రికోణం. ఆయన పుట్టినట్టు నా దగ్గర రుజువు లేదు. ఆయన పుట్టకపోతే నా సంగతి ఏమిటన్నది సాఫ్ట్‌వేర్ మర్యాదకొద్దీ అడగలేదు. నానమ్మ సమాధి రాయిని ఆధారంగా చూపిస్తే, రచయిత ఎవరని అడిగింది.

రెండు రోజుల్లో ముప్పై త్రికోణాలు పోగయ్యాయి. ఇక నేను కూర్చోలేకపోయాను. కర్ర పట్టుకుని పక్కింటికి, మా అత్త దగ్గరికి పోయాను.

మా అత్త అంటే మా నాన్నకు అక్క. ఎనభై దాటింది. ఎలిమెంటరీ బడిలో టీచరుగా చేసి రిటైరైంది. మామ పోయి చాలా ఏళ్లు. పిల్లల్లేరు, అందుకని ఊళ్లో పిల్లలందరికీ ఆమె భయం సమానంగా పంచింది. ఆమె పేరు ఇక్కడ రాయను. ఆ పేరుకు ఇప్పటికే ఇద్దరు హక్కుదారులున్నారు, ఆ గొడవే ఇది.

"అత్తా, తాత ఏ ఏడు పుట్టినాడు?"

"పెద్ద గాలివాన వచ్చిన ఏడు."

"ఏ గాలివాన?"

"మీ తాత పుట్టిన ఏడు వచ్చిందే, అది."

గాలివానకు తాత ఆధారం, తాతకు గాలివాన ఆధారం. పోర్టులో ఇట్లాంటి కాగితాలు వస్తే ఓడ ఆపేస్తాం. నేను మాత్రం బుద్ధిగా రాసుకున్నాను: చెప్పినది మా మేనత్త, వాళ్లింటి వరండాలో, విన్నది నేను. రెండు చుక్కలు నింపాను. అత్త కళ్లజోడు సర్దుకుని తెరలోకి వంగింది.

"ఆ చుక్కలేందబ్బయ్యా?"

"నీ మాట ఎంత నమ్మొచ్చో వేసే మార్కులు."

"నాలుగుకు రెండా?"

"నోటి మాటకు అంతే అత్తా. రూలు."

"ముప్పై ఏళ్లు నేను ఊరందరికీ మార్కులేసినా. నాకు సగం మార్కులేసినోడివి నువ్వొకడివే," అంది. కోపం రాలేదు. వెళ్లి బీరువాలోంచి తాత బైబిలు తెచ్చింది. "ఇదో, దీనికి నాలుగెయ్."

మా వాళ్లలో ప్రతి ఇంటికీ ఇట్లాంటి బైబిలు ఒకటుంటుంది. చదివే బైబిలు వేరు. ఇది రాసే బైబిలు. అట్ట లోపలి తెల్లకాగితాల మీద ఇంట్లో పుట్టినవాళ్లను రాసుకుంటారు. తాత మిషన్ బడి మాస్టారు, అక్షరాలు అచ్చులో పోసినట్టు ఉన్నాయి. మా పెదనాన్న, ఒక తేదీ. కింద అత్త పేరు, ఒక తేదీ. దాని కింద మళ్లీ అత్త పేరు, రెండేళ్ల తర్వాతి తేదీ. ఆ కింద మా నాన్న.

ఇంటికొచ్చి నాలుగు వరుసలూ ఎక్కించాను. సాఫ్ట్‌వేర్ వెంటనే పసిగట్టింది. ఈ ఇద్దరి పేరూ ఒకటే, తల్లిదండ్రులూ ఒకరే, ఇద్దరూ ఒక మనిషేమో, కలిపెయ్యమంటారా అని అడిగింది. పోర్టులో ఒకే కంటెయినరు నంబరు రెండుసార్లు పడితే ఒకటి కొట్టేస్తాం. కలిపెయ్యమన్నాను. రెండు తేదీల్లో మొదటిది ఉంచాను, అత్త ఆధార్ కార్డులో ఉన్నది అదే కాబట్టి. ఈ పని ఇక వెనక్కి తీసుకోలేరని కూడా హెచ్చరించింది. హెచ్చరికలు చదవడం నా ఉద్యోగం. ఆరోజు సెలవులో ఉన్నాను.

మర్నాడు అత్త వరండాలో పీట వేసుకుని రొయ్యలు ఒలుస్తూ ఉంది. చెరువుల వాళ్లెవరో పంపించినట్టున్నారు, తట్ట నిండా ఉన్నాయి. నవ్విద్దామని చెప్పాను.

"మీ నాయన నిన్ను బైబిల్లో రెండుసార్లు రాసినాడత్తా. ఒకదాన్ని తీసేసినా."

అత్త చేతిలో రొయ్య సగం ఒలిచి ఉంది.

"ఎవర్ని తీసేసినావు?"

"నిన్నే. రెండోదాన్ని."

"ఆ రెండోదే నేను," అంది అత్త.

రొయ్య తట్టలో వేసి, చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది. అంతవరకూ మా కుటుంబంలో నేను వినని సంగతి ఒకటి, చేపల ధర చెప్పినంత మామూలుగా చెప్పింది.

"నాకు ముందు ఒకతి పుట్టింది. నెల రోజులో, నలభై రోజులో ఉన్నింది. జ్వరమొచ్చి పోయింది. రెండేళ్లకు నేను పుడితే మాయమ్మ ఆ పేరే పెట్టాలని కూర్చునింది. అందరూ వద్దన్నారంట. ఆ పేరు పిలిచి అలవాటైపోయింది, నాకింకో పేరు నోరు తిరగదు అనిందంట."

"ఇన్నేళ్లూ చెప్పలేదే?"

"నువ్వడిగితే కదా. నువ్వు గాలివాన గురించి అడిగినావు."

ఇంటికొచ్చి, కలిపిన ఇద్దర్నీ విడదీయడానికి ఒక పూట పట్టింది. ఆ పెద్దత్తను మళ్లీ మొదట్నించీ రాయాల్సి వచ్చింది. పేరు, తల్లి, తండ్రి, పుట్టిన తేదీ, ఆధారం తాత బైబిలు, నాలుగు చుక్కలు. అంతా అయ్యాక చిన్నత్త తేదీ దిద్దబోయి ఆగాను. బైబిలు ప్రకారం ఆమెది రెండో తేదీ. మరి ఆధార్‌లో, పింఛను పుస్తకంలో, సర్వీసు రిజిస్టరులో మొదటి తేదీ ఎందుకుంది?

అత్తను అడిగితే ఆమెకూ ఎప్పట్నించో సందేహమేనట. "బళ్లో పిల్లలు చాలక మా నాయన నా వయసు రెండేళ్లు ఎక్కువేయించినాడని అనుకునేదాన్ని. దానివల్ల రెండేళ్లు ముందే ఇంటికి పంపించినారు నన్ను. పొయ్యేనాటికి నాలుగో తరగతి వాళ్లకు భాగహారం సగంలో ఉన్నింది." ఆ సగం భాగహారం ఆమెను ఇప్పటికీ బాధపెడుతున్నట్టే చెప్పింది.

బళ్లో చేర్చేటప్పుడు ఏ కాగితం చూపించారంటే, చర్చి వాళ్లిచ్చిన బాప్తిస్మం సర్టిఫికెట్ అంది. మా సంఘంలో పసిబిడ్డలప్పుడే బాప్తిస్మం ఇస్తారు, పుట్టిన తేదీతో సహా రిజిస్టరులో రాస్తారు. ఆ రోజుల్లో మాకు అదే జనన ధ్రువపత్రం.

ఇక్కడితో ఆగాల్సింది. కాలు ఇంకా వాచి ఉంది. నేను కర్ర తీసుకున్నాను.

"డాక్టరు కదలొద్దన్నాడు," అంది నా భార్య.

"చర్చికే కదా పోయేది."

"చర్చంటే అంత ఇష్టమైతే ఆదివారాలు కూడా పోవచ్చు."

మా పాస్టరుగారు కుర్రవాడు, వచ్చి ఏడాదయింది. నన్ను అన్నా అంటాడు. చర్చి వెనక గదిలో ఇనప బీరువా తాళం తీయడానికి మేమిద్దరం కాసేపు కుస్తీ పట్టాం. రిజిస్టరు అట్ట ఊడింది గానీ లోపల సిరా బాగానే ఉంది. పెదనాన్న ఉన్నాడు. మా నాన్న ఉన్నాడు. వాళ్ల మధ్యలో అత్త పేరు ఉంది, ఒకే ఒక్కసారి. పుట్టిన తేదీ బైబిల్లోని మొదటి తేదీ. బాప్తిస్మం ఆ తర్వాత పద్దెనిమిది రోజులకు.

అంటే అది పెద్దత్త వరుస.

తర్వాతి పేజీలు తిప్పాం. రెండేళ్లవి, మూడేళ్లవి, అయిదేళ్లవి. ఊళ్లో అందరి పిల్లలూ ఉన్నారు. మా అత్త లేదు.

"ఆమెకు కూడా ఇచ్చే ఉంటారన్నా. రాయడం మర్చిపోయుంటారు," అన్నాడు పాస్టరుగారు. అప్పట్లో పాస్టరు ఊరూరూ తిరుగుతూ రెండు మూడు నెలలకొకసారి వచ్చేవాడట. వచ్చినాయన రిజిస్టరు తెరిచి, అదే పేరు, అదే తల్లీతండ్రీ కనపడితే, ఈ పాపకు అయిపోయిందిలే అనుకుని ఉండొచ్చు. అనుకుని రాయకుండా వదిలేశాడా, ఇవ్వకుండానే వదిలేశాడా అన్నది మాత్రం ఆ గదిలో ఉన్న ఏ పుస్తకమూ చెప్పలేదు. నేను సాఫ్ట్‌వేర్‌లో చేసిన పనే ఆయన సిరాతో చేశాడు. ఇద్దర్నీ కలిపేశాడు. ఆయన దగ్గర హెచ్చరిక కూడా లేదు పాపం.

నోరు మూసుకుని ఇంటికి పోయి ఉంటే ఇది రాసే అవసరం ఉండేది కాదు. ఫోటో తీసుకెళ్లి అత్తకు చూపించాను. ఆమె ఫోను దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని, రెండుసార్లు చదివింది.

"ఇది దానిది."

"అవునత్తా."

"మరి నాదేదిరా?"

ఆ ప్రశ్నకు నేను కాలు నొప్పి గురించి ఏదో చెప్పాను.

ఆ ఆదివారం ప్రభువు బల్ల ఉంది. మా చర్చిలో బాప్తిస్మం అయినవాళ్లే లేచి ముందుకు వెళ్లి రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటారు. ఆడవాళ్ల వైపు మొదటి వరుసలో మొట్టమొదట లేచేది మా అత్త. ఆమె లేస్తేనే మిగతావాళ్లు లేస్తారు, అదొక లెక్క. ఆరోజు లేవలేదు. ముందు వరుస ఆమె కోసం ఆగింది, వెనక వరుస ముందు వరుస కోసం ఆగింది, పాస్టరుగారు పళ్లెం పట్టుకుని అందరి కోసం ఆగాడు. కాసేపటికి ఎవరో లేచారు. అత్త చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని, గోడ మీద గడియారం వైపు చూస్తూ కూర్చుంది. పదేళ్ల పిల్లప్పుడు మొదలుపెట్టి అప్పటిదాకా ఒక్క బల్ల తప్పిన మనిషి కాదు.

మధ్యాహ్నం నా భార్య అన్నం, కూర అన్నీ వడ్డించింది. తర్వాత అంది, "మీకు మూడు వారాలు కాలక్షేపం కావాలన్నారు. బాగా అయింది."

నాకు ఇంట్లో నిలబడబుద్ధి కాలేదు, కూర్చోబుద్ధి కాలేదు. సోమవారం ఆటో మాట్లాడుకుని నెల్లూరు పోయాను. ఊరి రిజిస్టర్లకు నకలు తీసి టౌనుకు పంపేవాళ్లని పాస్టరుగారు చెప్పాడు. మిషన్ వాళ్ల పాత కార్యాలయంలో రెండు పూటలు బెంచీ మీద కూర్చున్నాను, అంటే ఒక పూట కూర్చుని ఒక పూట వరండాలో కుంటుతూ తిరిగాను. అక్కడి గుమాస్తా నన్ను చూసి చూసి విసిగిపోయి నకలు పుస్తకం వెతికి ఇచ్చాడు. అదే వరుస ఉంది. ఆ తర్వాతి ఏళ్ల పుస్తకాలను చెదలు చదివేశాయి. తిరిగొచ్చి మా చర్చిలో అత్త నిర్ధారణ పుస్తకం చూశాను, పెళ్లి పుస్తకం చూశాను. పెద్దయ్యాక విశ్వాసాన్ని ఒప్పుకునేటప్పుడూ పెళ్లికీ బాప్తిస్మం తేదీ రాస్తారు. రెండింట్లోనూ ఉంది. ఆ పద్దెనిమిదో రోజే.

కాగితాలన్నీ సంచీలో వేసుకుని అత్త దగ్గరికి పోయాను. ధైర్యం చెప్పాలని నా ఉద్దేశం.

"చూడత్తా. చర్చి పుస్తకం, టౌను నకలు, బళ్లో చూపించిన బాప్తిస్మం సర్టిఫికెట్టు, నిర్ధారణ, పెళ్లి. అయిదు కాగితాలు. అయిదింట్లోనూ నీకు బాప్తిస్మం అయినట్టే ఉండాది."

అత్త అయిదింటినీ మంచం మీద వరసగా పరిచింది. పరీక్ష పేపర్లు పరిచినట్టే పరిచింది.

"అబ్బయ్యా, క్లాసులో అయిదుగురు పిల్లోళ్లు ఒకే లెక్కకు ఒకే తప్పు జవాబు రాసినారనుకో. ఏమనుకుంటావు?"

ఇదే మాట నేను పోర్టులో కొత్తగా చేరినవాళ్లకు చెబుతాను. ఒక కాగితం చూసి రాసిన నాలుగు కాగితాలు నాలుగు సాక్ష్యాలు కావు.

"ఒకడు రాస్తే నలుగురు చూసి ఏసినారు," అంది అత్త. "ఆ ఒకటీ దానిది. నేను దాని పేరు ఏసుకున్నా, దాని వయసు ఏసుకున్నా, దాని బాప్తిస్మంతో బల్ల తీసుకున్నా, పెళ్లి చేసుకున్నా. దానికి ఉన్నిందే అదొక్కటి. సమాధి కూడా యాడుందో తెలీదు. అదొక్కటీ నేను పెట్టుకుంటే దానికేముంటాది? దానికిచ్చేస్తే నాకేముంటాది?"

అయిదు కాగితాలూ మడిచి నాకిచ్చింది. నిమిషం తర్వాత మళ్లీ తీసుకుని, వాటిలో చర్చి పుస్తకం ఫోటో ఒక్కటి తనే ఉంచుకుంది.

ఆ వారమంతా ఆమె గేటు దాకా పోవడం, వెనక్కి రావడం. నేను కర్రతో మా గేటు దాకా పోవడం, వెనక్కి రావడం. మధ్యలో ప్రహరీ గోడ. చూసినవాళ్లు ఇద్దరికీ కాలే బెణికిందనుకుని ఉంటారు. నా భార్య గోడ మీంచి కూరగిన్నె అందిస్తూ, "అత్తమ్మా, ఆయన కంప్యూటరు బావిలో వేసేదా?" అని అడిగింది. "వద్దులే, బావి పాడైపోద్ది," అంది అత్త.

గురువారం పాస్టరుగారు వచ్చాడు. వచ్చే బల్లకు కూడా ఆమె లేవకపోతే వరుసలేమవుతాయోనని ఆయన భయం. అత్త వరండాలో కుర్చీ వేసి, నన్ను కూడా పిలిచింది.

"టీచరమ్మగారూ, దేవుడికి తెలుసు కదా," అన్నాడు.

"దేవుడికి తెలుసు అయ్యగారూ. మీ రిజిస్టరుకు తెలీదు. నాకూ తెలీదు."

"పోనీ ఆ వరుస మీదే అనుకుందాం. ఎవరికి నష్టం?"

"నెల రోజుల బిడ్డకు."

పాస్టరుగారు నా వైపు చూశాడు. నేను కాలు వైపు చూసుకున్నాను.

"నేను తేల్చుకున్నా," అంది అత్త. "ఆ వరుస దానికి రాసిచ్చెయ్యండి. నాకు బాప్తిస్మం ఇవ్వండి."

"అమ్మగారూ, అది రెండుసార్లు ఇవ్వకూడదు. మీకు అప్పుడే అయిపోయుంటే నేను చేసేది తప్పవుతుంది."

"కాకపోయుంటే మీరు చెయ్యనిది తప్పవుతుంది."

ఇద్దరూ సరైన మాటే చెబుతున్నారు. ఆయన లేచి నిలబడ్డాడు, మళ్లీ కూర్చున్నాడు. నాకు అప్పుడు మా పోర్టు కాగితాల్లో రోజూ కనపడే ఒక మాట గుర్తొచ్చింది. సీలు వేసిన కంటెయినరు వస్తుంది. లోపల ఏముందో ఓడవాళ్లు చూడరు. చూడనిదాన్ని ఉందని రాయలేరు, లేదనీ రాయలేరు. అందుకని, పంపినవాళ్లు చెప్పిన ప్రకారం లోపల ఇది ఉన్నది, అని రాస్తారు. ప్రపంచంలో సగం సరుకు ఆ ఒక్క మాట మీద సముద్రాలు దాటుతుంది.

"అయ్యగారూ, ఒకవేళ అని పెట్టి ఇవ్వకూడదా?" అన్నాను. "ఇంతకు ముందు అయ్యుంటే ఇది లెక్కలోది కాదు, కాకుంటే ఇదే లెక్క అని."

ఇట్లా అడిగినందుకు తిడతాడనుకున్నాను. ఆయన బైకు మీద వెళ్లి, గంటకు ఒక పాత ఆరాధన క్రమం పుస్తకం పట్టుకుని వచ్చాడు. కాగితాలు పసుపుపచ్చగా ఉన్నాయి. అందులో ఉంది. దారిలో దొరికిన బిడ్డలకు, బాప్తిస్మం అయిందో లేదో ఎవరూ చెప్పలేనివాళ్లకు, అచ్చం అట్లాంటి షరతుతోనే ఇవ్వొచ్చని. ఫోనులో పెద్ద పాస్టరుగారిని కూడా అడిగాడట. ఆయన ముందు నవ్వి, తర్వాత వయసు అడిగి, తర్వాత ఇవ్వమన్నాడట.

"నేను దొరికిన బిడ్డ కింద లెక్కా?" అంది అత్త.

"ఆ కాలమ్ ఒక్కటే ఖాళీ ఉంది అమ్మగారూ," అన్నాడు పాస్టరుగారు. ఆయనకు కూడా హాస్యం వచ్చని నాకు ఆరోజే తెలిసింది.

శనివారం సాయంత్రం చర్చిలో మేం నలుగురమే. పాటలొద్దంది అత్త, పాట మొదలైతే ఊరంతా వస్తుందని. తెల్లచీర కట్టుకుంది. ముప్పై ఏళ్లు పిల్లల్ని వరుసలో నిలబెట్టిన మనిషి, తను నిలబడాల్సిన చోటు తెలియక ఒకడుగు ముందుకూ ఒకడుగు వెనక్కీ వేసింది. నా భార్య మోచెయ్యి పట్టుకుంది. బయట పోర్టు రోడ్డు మీద లారీలు పోతూనే ఉన్నాయి. పాస్టరుగారు షరతు మాట చదివేటప్పుడు గొంతు తగ్గించాడు, దాన్ని ఆమెకు వినపడకుండా దాటిద్దామనుకున్నాడేమో.

"అది గట్టిగా చదవండి అయ్యగారూ," అంది అత్త. "అది లేకుంటే తప్పు కదా."

గట్టిగా చదివాడు. పేరు పిలిచి మూడుసార్లు తల మీద నీళ్లు పోశాడు. నీళ్లు కళ్లజోడు మీదికి కారాయి. తుడుచుకోలేదు.

అసలు పని ఆ తర్వాత మొదలైంది. రిజిస్టరు తెరిచి కొత్త వరుస రాశాడు. పేరు, తల్లి, తండ్రి. పుట్టిన తేదీ దగ్గర కలం ఆగింది. ఆధార్ ప్రకారమా, బైబిలు ప్రకారమా? అత్త బైబిలు తీసి, వేలు పెట్టి, రెండో తేదీ చూపించింది. జీవితంలో మొదటిసారి ఆమె తన తేదీని ఇంటి బయటి కాగితం మీద చూసుకుంది.

"అత్తమ్మ రెండేళ్లు చిన్నదైపోయింది," అంది నా భార్య.

"పింఛను వాళ్లతో అనబాక," అంది అత్త.

పాత వరుస సంగతి మిగిలింది. పాత పుస్తకంలో ఒక్క అక్షరం దిద్దడానికి తనకు అధికారం లేదన్నాడు పాస్టరుగారు. దిద్దొద్దన్నాను నేను కూడా, ఉన్నదాన్ని దిద్దితే ఆధారం చచ్చిపోతుంది. ఒక చీటీ రాసి ఆ పేజీకి కుట్టమన్నాను. ఆయన పెన్సిలు తీస్తే అత్త తన చేతిసంచీలోంచి పెన్ను తీసి ఇచ్చింది. ఈ వరుసలోని బిడ్డ పెద్ద కూతురు, పసితనంలోనే చనిపోయింది, ఆ పేరుతోనే ఉన్న రెండో కూతురు వేరు. చెప్పినది ఆ రెండో కూతురు. చూసిన ఆధారం తండ్రి బైబిలు. సాక్షి నేను. నా జీవితంలో ఎన్ని సంతకాలు పెట్టానో లెక్క లేదు. సరుకును కళ్లారా చూసి పెట్టిన సంతకం మాత్రం అదొక్కటే.

చీటీని దారంతో కుట్టింది నా భార్య. పిన్ను కొడతానంటే తుప్పు పడుతుందంది.

మరుసటి బల్లకు అత్త మొట్టమొదట లేచింది. నేను ఆ ఆదివారం చర్చిలో ఉన్నాను, నా భార్యకు దాని మీద కూడా ఒక మాట ఉంది గానీ అది ఇక్కడ అనవసరం.

ఆ సాయంత్రం అత్త మా ఇంటికొచ్చి, కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చుంది. అంతా ఎక్కించే దాకా లేవనంది. ఎక్కించాను. పెద్దత్తకు బాప్తిస్మం, ఆధారం చర్చి రిజిస్టరు, పేజీ, వరుస, చీటీతో సహా. చిన్నత్తకు బాప్తిస్మం, ఆధారం అదే బీరువాలో కొత్త రిజిస్టరు, మొన్నటి తేదీ. రెండు త్రికోణాలూ పోయాయి. చుక్కల దగ్గర ఆగాను. షరతుతో జరిగినదానికి ఎన్ని చుక్కలో ఎక్కడా రాసి లేదు.

"నాలుగెయ్," అంది అత్త. వేశాను.

దాచు అన్న బొత్తాం నొక్కాను. సాఫ్ట్‌వేర్ ఒక్క క్షణం తిరిగి, తెర మీద ఒక ప్రశ్న పెట్టింది. ఈ ఇద్దరి పేరూ ఒకటే, తల్లిదండ్రులూ ఒకరే, ఇద్దరూ ఒక మనిషేమో, కలిపెయ్యమంటారా?

అత్త కళ్లజోడు తుడుచుకుని చదివింది.

"మళ్లీ అడుగుతుందేంది?"

"పేరొకటే కదా అత్తా. తెరిచినప్పుడల్లా అడుగుద్ది."

"ఎన్నాళ్లు?"

"ఎప్పటికీ."

అత్త మౌసు మీద చెయ్యి వేసింది. ఇంతకు ముందు ఎప్పుడూ పట్టుకోలేదు, బాణం తెర మీద నాలుగు మూలలకూ పరిగెత్తింది. నేను సాయం చెయ్యబోతే చెయ్యి పక్కకు నెట్టేసింది. కాసేపటికి బాణాన్ని కాదు అన్న చోటికి తెచ్చి నిలబెట్టి, నొక్కింది.

"అడిగినప్పుడల్లా చెప్పు," అంది.